లెక్కలో లేని వైరు

బస్సు కదలకముందే గురువు చెయ్యి మూడుసార్లు చొక్కా జేబు మీదికి వెళ్ళింది. జేబులో మూడు పాస్‌పోర్టులు, మూడు టికెట్లు ఉన్నాయి. వాటి కోసమే తడుముకుంటున్నాడనుకుని, ఎక్కడికీ పోవులే, నేను చూస్తూనే ఉన్నాగా అంది భార్య. నిజానికి పాతికేళ్ళుగా ఆ జేబులో ఉంటూ వచ్చింది జానెడు ఎర్ర వైరు ముక్క. పొద్దున దాన్ని తీసి బీరువాలో మేజోళ్ళ కింద పెట్టి వచ్చాడు. పెట్టి వచ్చిన సంగతి చేతికి ఇంకా తెలిసినట్టు లేదు.

గురువు లిఫ్టులు బాగుచేసే మనిషి. ఊళ్ళో నలభై భవనాల లిఫ్టుల మంచిచెడ్డలు అతని సంతకం మీద నడుస్తాయి. షెడ్డులో చిన్నా పెద్దా అందరూ గురువనే పిలుస్తారు. ఆ పిలుపు మొదలుపెట్టినవాడు ఇప్పుడు సరిహద్దు అవతల, ఒక ఆసుపత్రి ఆరో అంతస్తులో, కాలికి ఇనప చట్రం బిగించుకుని పడుకుని ఉన్నాడు. అతనికి పేరు పెట్టింది మళ్ళీ గురువే. మరుపు అని పెట్టాడు. పని ముగించి, సామాన్లు సర్దుకుని, అందరూ వ్యానెక్కి కూర్చున్నాక సరిగ్గా అప్పుడే ఆ మనిషి నుదురు కొట్టుకునేవాడు. టోపీ పైన మర్చిపోయాననేవాడు. టోపీ కాకపోతే పానా, పానా కాకపోతే భోజనం డబ్బా. పదిహేను నిమిషాలు హరీమనేవి. డ్రైవరు హారన్ కొట్టి కొట్టి విసిగిపోయేవాడు. ఇలాంటివాణ్ణి కట్టుకుని మీ ఆవిడ ఎలా వేగుతోందిరా అని గురువు అనేవాడు, వ్యాను వ్యానంతా ఘొల్లుమనేది. చెమట తుడుచుకుంటూ మరుపు కూడా నవ్వేవాడు. పన్నెండేళ్ళు ఇద్దరూ జతగా పనిచేశారు. ఆ పేరు ఎంతగా అతుక్కుపోయిందంటే, జీతం చీటీలు పంచే గుమస్తా అతని అసలు పేరు కోసం కాగితాలు తిరగెయ్యాల్సి వచ్చేది. గురువు కూతురైతే చిన్నప్పట్నుంచీ మరుపు మామయ్య అనే పిలిచేది.

మొన్న సాయంత్రం ఫోన్ చేసింది మరుపు భార్య. తలుపు తెరిచి ఉండగానే లిఫ్టు కదిలిందట. ఒక కాలు లోపల, ఒక కాలు బయట ఉన్నాడట. కాలు మూడుచోట్ల, తుంటి ఎముక ఒకచోట విరిగాయట. ఏడుపు మధ్యలో ఆమె ఇంకో మాట కూడా చెప్పింది.

"ప్యానల్లో ఏదో వైరు ముక్క దొరికిందంటున్నారు అన్నయ్యా. పొట్టి ముక్కట. ఈయనదే అంటున్నారు."

ఆ తర్వాత ఆమె చెప్పిందేదీ గురువు చెవిన పడలేదు.

తలుపు పూర్తిగా మూసుకుంటే తప్ప లిఫ్టు కదలకూడదు. తలుపు దగ్గర పని ఉన్నప్పుడు మాత్రం, పైన మోటారు గదిలోని ప్యానల్లో రెండు స్క్రూల మధ్య ఒక వైరు తగిలిస్తారు. అప్పుడు తలుపు మూసే ఉందనుకుని లిఫ్టు కదులుతుంది. ఆ వైరుని జంపరంటారు. జంపర్లు మూరెడు పొడుగుండాలి, పసుపు రంగులో ఉండాలి, ఒక్కోదానికీ నెంబరుండాలి. పనికి ముందు ఎన్ని తీశారో పనయ్యాక అన్నీ లెక్కపెట్టి రిజిస్టర్లో సంతకం పెట్టాలి. ఒక్కటి ప్యానల్లో ఉండిపోయినా, ఎవరో ఒకరు గుమ్మంలో ఉండగా లిఫ్టు లేచిపోతుంది. కొత్తగా చేరినవాళ్ళకు ఇవన్నీ నేర్పేది గురువే. నేర్పి, తన పని మాత్రం జేబులో ఎర్ర ముక్కతో అరగంటలో తేల్చేసేవాడు. లెక్కలో లేని వైరుకి సంతకం అక్కర్లేదు. మూడేళ్ళ కిందట మరుపు పరాయి దేశంలో పని దొరికి వెళ్ళిపోతుంటే, అదే వైరు చుట్టలోంచి ఇంకో జానెడు కోసి, రెండు చివర్లా క్లిప్పులు బిగించి, షెడ్డందరి ముందూ అతని జేబులో పెట్టాడు. ఇది నా ఆశీర్వాదంరా, నీ నిదానానికి మందు అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

వెళ్దామని తేల్చింది భార్య. ఇలాంటప్పుడు వెళ్ళకపోతే మనుషులమేనా అంది. కూతురు కాలేజీలో ఆ దేశపు భాష మూడేళ్ళు చదివింది కాబట్టి డాక్టర్లతో మాట్లాడడానికి తను ఉండాల్సిందేనని బట్టలు సర్దుకుంది. సెలవు దొరుకుతుందో లేదో అని నసిగింది గురువొక్కడే. భార్య అతని వంక వింతగా చూసింది. మరుపుకి జలుబు చేసిందని తెలిస్తే రెండు బస్సులు మారి వెళ్ళి చూసొచ్చే మనిషి ఇతను.

రాత్రంతా బస్సు నడిచింది. తల్లీ కూతుళ్ళు ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి నిద్రపోయారు. గురువుకి కునుకు పట్టలేదు. మతిమరుపు మనిషి చేతిలో అలాంటిది పెట్టడం తనదే బుద్ధితక్కువ అనుకున్నాడు. తనైతే తగిలించింది మర్చిపోకుండా తీసేవాడు, వాడికేం గుర్తుంటుంది, తగిలించి ఉంటాడు, మర్చిపోయి ఉంటాడు. ఈ మాటే తిప్పి తిప్పి అనుకుంటూ తెల్లవార్చాడు.

సరిహద్దు దగ్గర దించి వరసలో నిలబెట్టారు. కిటికీ వెనక ఉద్యోగి ఏదో అడిగితే కూతురు తడబడకుండా జవాబు చెప్పింది. ఏమంటున్నాడని గురువు అడిగాడు. ఎందుకొచ్చారన్నాడు, నాన్న స్నేహితుడికి దెబ్బ తగిలింది, సాయంగా ఉండడానికి వచ్చామని చెప్పాను అంది. ఉద్యోగి తలెత్తి గురువుని చూసి, జాలిగా ఏదో అని ముద్ర వేశాడు. ఆ జాలి పుచ్చుకోలేక గురువు తల దించుకున్నాడు.

*

ఆసుపత్రి లిఫ్టు ముందు గురువు అలవాటుగా ఒక క్షణం ఆగాడు. ఎక్కడ లిఫ్టెక్కినా తలుపు చప్పుడు వినడం అతనికి రివాజు. తలుపులు చివరి అంగుళం దగ్గర చేసే చప్పుడుని బట్టి దాన్ని చూసే మెకానిక్ ఎంత శ్రద్ధ కలవాడో చెప్పగలనంటాడు. కూతురికి ఐదేళ్ళప్పుడు చంకనేసుకుని, తలుపు మూసేదాకా కదలని లిఫ్టే బుద్ధిగల లిఫ్టు అని పాఠం చెప్పాడు. ఇది బుద్ధిగలదేనా నాన్నా అని ఇప్పుడా అమ్మాయి నవ్వుతూ అడిగింది. అతను ఆరో అంతస్తు బటన్ నొక్కాడు.

ఆరో అంతస్తు వరండాలో యాభై దాటిన మనిషొకడు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో పళ్ళ సంచి. వీళ్ళను చూసి లేచి, ఏదో అనబోయి, మళ్ళీ కూలబడ్డాడు. అతని గోళ్ళ చుట్టూ ఎంత కడిగినా పోని గ్రీజు నలుపు ఉంది. గురువు తన వేళ్ళు చూసుకున్నాడు. మన పనివాడే అనుకుంటూ దాటిపోయాడు.

మరుపు మందుల మత్తులో ఉన్నాడు. నడుం కింద అంతా కట్లు, చట్రం, తాళ్ళు. ముఖం ఒక్కటే పాత ముఖం, అది కూడా పిడికెడు అయిపోయింది. అతని భార్య మూడు రోజులుగా అవే బట్టల్లో కుర్చీకి అతుక్కుపోయి ఉంది. గురువు భార్య చేతిసంచి దించి ఆవిణ్ణి కావలించుకుంది, ఏడవనిచ్చింది, ఆ తర్వాత మందుల చీటీ తీసుకుని, నువ్వెళ్ళి స్నానం చేసి నాలుగు గంటలు పడుకో వదినా, మేమున్నాం అంది. దూది తడిపి రోగి పెదాలకు అద్దింది. కూతురు నర్సుని అడిగి ఏ మందు ఎప్పుడో ఒక కాగితం మీద రాసి మంచానికి అంటించింది. ఇద్దరికీ పని దొరికింది.

గురువుకే ఏం చెయ్యాలో తోచలేదు. మంచం పక్క సొరుగు బిగుసుకుపోయి ఉంటే దాన్ని ఊడదీసి పట్టాలు సరిచేశాడు. కీచుమంటున్న కుర్చీ కాలు బిగించాడు. కిటికీ గొళ్ళెం సరిగా పడడం లేదని దాన్ని కూడా పట్టించుకున్నాడు. ఈయన ఇలా వదిలేస్తే ఆసుపత్రి మొత్తం బాగుచేసేలా ఉన్నాడని నర్సు అంటే కూతురు తెలుగులోకి మార్చి చెప్పి నవ్వింది. గదిలో ఉన్నవన్నీ చూశాడు గాని, మంచం మీది ముఖం వంక మాత్రం తిన్నగా చూడలేకపోయాడు.

వెళ్ళేముందు మరుపు భార్య అతన్ని గుమ్మం దగ్గరికి పిలిచి, తను పడుతున్న బాధ చెప్పుకుంది. ఎల్లుండి సేఫ్టీ ఆఫీసరొస్తుందట. లెక్కలో లేని వైరు వాడి, తియ్యడం మర్చిపోయి, తన ప్రమాదం తనే తెచ్చుకున్నాడని రాసేస్తే ఈ దేశంలో ఇంకెవరూ ఆయన్ని లిఫ్టు దరిదాపులకు రానివ్వరట. కాలు బాగుపడినా బతుకు బాగుపడదు అంది. "మీరైనా ఒక మాట చెప్పండి అన్నయ్యా. ఆయన పనితనం మీకంటే ఎవరికి తెలుసు?"

చెప్తాను చెల్లెమ్మా అన్నాడు గురువు.

*

మర్నాడు పొద్దున మరుపుకి పూర్తిగా తెలివొచ్చింది. ముందు భార్యను, తర్వాత గురువు భార్యను, కూతుర్ని వరసగా గుర్తుపట్టాడు. చివరికి గురువు దగ్గర కళ్ళు ఆగాయి.

"గురూ, నా టోపీ తెచ్చావా?"

అందరూ నవ్వారు. నవ్వుతూనే ఆడవాళ్ళిద్దరూ కళ్ళు తుడుచుకున్నారు. కాసేపటికి వాళ్ళను టీ తాగి రమ్మని గురువు తనే పంపించాడు. కూతురు కూడా వాళ్ళతో వెళ్ళింది. తలుపు మూసి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, రాత్రంతా కూడగట్టుకున్న మాటలన్నీ మింగేసి ఒక్కటే అడిగాడు.

"ఒరేయ్, ప్యానల్లో దొరికిన ముక్క నేనిచ్చిందేనా?"

మరుపు అర్థం కానట్టు చూశాడు. "నీదా? నీది నా లాకరు తలుపుకి టేపుతో అంటించుకున్నాను. నీ గుర్తుగా. ఒక్కనాడూ వాడలేదు."

గుండెల మీంచి బండ దించినట్టయింది గురువుకి. మూడు రోజుల తర్వాత మొదటిసారి నిండా ఊపిరి పీల్చుకున్నాడు. పీల్చుకున్న మరుక్షణమే సిగ్గేసింది. ఎదురుగా మనిషి ముక్కలై పడుంటే తను తేలిగ్గా ఊపిరి తీసుకుంటున్నాడు. ఆ సిగ్గు కప్పుకోవడానికే, మరెవరిదిరా అది అని గట్టిగా అడిగాడు.

మరుపు తలుపు వైపు చూపించాడు. బయట బల్ల మీద ఉంటాడే ఆయనది, ఇక్కడ నా జత ఆయనే అన్నాడు. మంచివాడేనట, చెయ్యి మహా చురుకట. "అచ్చం నీలాంటివాడే గురూ. అందుకే నాకు బాగా కుదిరింది." కంపెనీవాళ్ళు అతన్ని అడిగితే భయపడి తనది కాదన్నాడట. ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళయ్యాయట గాని ఇంకా మూడేళ్ళు సర్వీసుందట, పోనీలే పాపం అన్నాడు మరుపు. గురువు పళ్ళు పటపట కొరికాడు. బయటికి వెళ్ళి ఆ పళ్ళ సంచి మనిషి చొక్కా పట్టుకోవాలనిపించింది. అసలేం జరిగిందో చెప్పమన్నాడు.

"జరగడానికేముంది. పనయిపోయింది, వ్యాన్లో కూర్చున్నాం. నాకెందుకో అనుమానం కొట్టింది. టోపీ మర్చిపోయానని చెప్పి దిగాను. పైన మోటారు గదికి మామూలుగా మెట్లెక్కే పోతాను. తీసి చూసేదాకా ఆ లిఫ్టుని నమ్మకూడదు కదా. ఆరోజు మోకాలు మరీ సతాయిస్తుంటే, ఈ ఒక్కసారికి ఏమవుతుందిలే అని లిఫ్టులో కాలు పెట్టాను. పైన ఎవరో బటన్ నొక్కారు."

గురువు వింటూ వింటూ ఒక మాట దగ్గర ఆగిపోయాడు. "మర్చిపోయానని చెప్పి, అంటే?"

మరుపు ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. పెదాల చివర చిన్న నవ్వుంది. దొరికిపోయిన పిల్లవాడి నవ్వు.

"ఎన్నేళ్ళయిందో. ఇంకా దాచడం ఎందుకు గురూ. నేనెప్పుడు ఏం మర్చిపోయాను?"

గదిలో సెలైన్ చుక్కలు పడుతున్నాయి. గురువు వాటినే చూస్తూ కూర్చున్నాడు. బ్యాంకు భవనం పదకొండు అంతస్తులు. హోటలు తొమ్మిది. పిల్లల డాక్టరు క్లినిక్కు ఉన్న మేడ ఏడు. వాటిలో మెట్లెక్కి, ప్యానల్ తెరిచి, వైరుందో లేదో చూసి, మళ్ళీ అన్ని మెట్లూ దిగి, చేతిలో టోపీ ఊపుకుంటూ వ్యాను దగ్గరికి వచ్చిన మనిషిని తను అందరి ముందూ ఆటపట్టించాడు.

"ఎప్పుడైనా ఉందా?" అన్నాడు.

అప్పుడప్పుడు ఉండేది అన్నాడు మరుపు, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా. ఉంటే తీసి జేబులో వేసుకునేవాడట. మర్నాడు పొద్దున షెడ్డులో, బట్టలు మార్చుకునే గదిలో, గురువు పని చొక్కా కొక్కేనికి వేలాడుతుంటే దాని జేబులో మళ్ళీ పెట్టేసేవాడట. అందుకే ఆ వైరు ఎన్నడూ పోలేదు. ఇరవై ఐదేళ్ళ అనుభవం, ఒక్కసారీ మర్చిపోలేదు అని గురువు చెప్పుకుంటూ వచ్చిన గొప్పంతా ఆ కొక్కెం దగ్గర తయారైంది.

ముందే నాకు చెప్పి ఏడవొచ్చు కదరా అన్నాడు. రెండుసార్లు చెప్పబోయాననీ, నవ్వి కొట్టిపారేశావనీ, ఆ తర్వాత నీతో వాదించడం కంటే మెట్లెక్కడమే తేలికనిపించిందనీ మరుపు అన్నాడు. అందులో నిష్ఠూరం ఇసుమంతైనా లేదు. నిష్ఠూరమాడి ఉంటే బాగుండేది. అలవాటైపోయింది గురూ, ఇక్కడికొచ్చాక కూడా ఎవరితో జత కట్టినా వెనక్కి వెళ్ళి చూడందే కాళ్ళు వ్యానెక్కవు అని నవ్వి, మందు పనిచేస్తుంటే మళ్ళీ నిద్రలోకి జారుకున్నాడు.

అప్పుడు వెలిగింది గురువుకి. తనిచ్చిన వైరు ఈ కాలు విరగ్గొట్టలేదు. తన వెనక పన్నెండేళ్ళు ఎక్కి దిగిన అలవాటు విరగ్గొట్టింది. మరుపుకి ఆ సంగతి తట్టలేదు, తట్టినా అనడు. అంతటితో ఆగితే ఎలాగో తట్టుకునేవాడేమో. ఇన్‌చార్జి పోస్టు ఖాళీ అయిన ఏడాది మేనేజరు తనను పిలిచి మీ జతగాడి సంగతేమిటని అడిగాడు. మనిషి బంగారం సార్, కాకపోతే నత్తనడక, పైగా మతిమరుపు అన్నాడు తను. పోస్టు తనకొచ్చింది. ఆరు నెలలు తిరక్కుండా మరుపు ఈ దేశం వచ్చేశాడు. మరుపు వచ్చేసి మూడేళ్ళయింది. ఆ మూడేళ్ళూ షెడ్డులో తన చొక్కా జేబు ఎవరూ ముట్టుకోలేదు.

ఆడవాళ్ళు తిరిగొచ్చేసరికి గురువు కిటికీ గొళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాడు. నిన్న బాగు చేశావుగా నాన్నా, మళ్ళీ ఏమైందంది కూతురు. సరిగ్గా పడిందో లేదో చూస్తున్నానన్నాడు.

*

మూడో రోజు పదింటికి సేఫ్టీ ఆఫీసరొచ్చింది. నలభై ఏళ్ళుంటాయి, నెమ్మదైన మనిషి. ముందు రోగి నొప్పులడిగింది, ఆ తర్వాతే ఫైలు తెరిచింది. గాలి కోసం తలుపు తీసే ఉంచారు. గురువు భార్యా, మరుపు భార్యా గోడకి ఆనుకుని నిలబడ్డారు. కూతురు ఆఫీసరుకీ నాన్నకీ మధ్య చిన్న స్టూలు మీద కూర్చుంది. మామయ్య తరఫున మాట్లాడే పని తనకొచ్చినందుకు ఆ అమ్మాయి వెన్ను నిటారుగా ఉంది.

ఆఫీసరు బల్ల మీద రెండు ప్లాస్టిక్ కవర్లు పెట్టింది. ఒకదాన్లో ప్యానల్లో దొరికిన నల్ల ముక్క. రెండోదాన్లో లాకర్లో దొరికిన ఎర్ర ముక్క, రెండు చివర్లా క్లిప్పులతో. గురువు దాన్ని చూడగానే పోల్చుకున్నాడు. ఆ క్లిప్పులు బిగించిన స్క్రూల మీద తన స్క్రూడ్రైవరు జారిన గీత కూడా ఉంది.

రెండూ పొట్టివే, రెండూ లెక్కలో లేనివే అని చెప్పిందామె. ఎర్రది తనదేనని ఈయన ఒప్పుకున్నాడు, ఎక్కడిదంటే చెప్పడు. లెక్కలో లేని వైరు దాచుకునే మనిషి లెక్కలో లేని వైరు వాడలేదంటే ఎలా నమ్మడం? పాత జత మీరేనంటున్నారు కాబట్టి అడుగుతున్నాను, ఈయనకి ఈ అలవాటు ముందు నుంచీ ఉందా? కూతురు ఒక్కో వాక్యం తెలుగులో చెప్పి, చివర్న తన మాటగా, లేదని చెప్పు నాన్నా, మామయ్య అలాంటివాడు కాదని చెప్పు అంది.

"గురూ, ఊరుకో," అన్నాడు మరుపు మంచం మీంచి. "నాదేనని చెప్పేశాను. నీకు లైసెన్సు ఉంది, నలభై బిల్డింగులున్నాయి."

గురువు చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్ళింది. జేబు ఖాళీగా ఉంది. లేదు, అలవాటు లేదు, అని రెండు మాటలతో సరిపెట్టొచ్చు. ఆఫీసరు రాసుకుంటుంది, నమ్మదు. తను చెప్పాననిపించుకుని బస్సెక్కేస్తాడు. కూతురు అతని నోటి వంకే చూస్తోంది.

"ఈ ఎర్ర ముక్క నాది. నేనే చేసి అతనికిచ్చాను," అన్నాడు.

కూతురు మార్చి చెప్పింది. ఎందుకిచ్చారని అడుగుతున్నారంది.

"వాడమని ఇచ్చాను. అతను వాడలేదు. అలాంటి వైరు వాడింది నేను. పాతికేళ్ళు. పనయ్యాక తియ్యకుండా వదిలేసి వచ్చేవాణ్ణి. నాకు తెలీకుండా అతను వెనక్కి వెళ్ళి తీసేవాడు. మరుపని పేరు పెట్టి నేను నవ్వేవాణ్ణి. వైరు వదిలేసేవాడు కాదమ్మా అతను. వదిలేసిన వైరు కోసం వెనక్కి వెళ్ళేవాడు. మొన్న కూడా అందుకే వెళ్ళాడు."

ఆఫీసరు కలం పట్టుకుని ఎదురుచూస్తోంది. "నాన్నా, ఇదంతా చెప్పాలా?"

"ఉన్నదున్నట్టు చెప్పు తల్లీ."

చెప్పింది. ముందున్న ధాటి లేదు. ఒక్కో మాటకీ ఆగుతూ, ఆ భాష నిన్నే నేర్చుకున్నట్టు చెప్పింది. ఆఫీసరు మొత్తం విని, రాసుకుని, తలెత్తి ఒకే ఒక ప్రశ్న అడిగింది. కూతురు నాన్న వైపు తిరిగింది.

"ఎన్నిసార్లు వదిలేశావు?"

అది ఆఫీసరు అడిగిందో, కూతురే అడిగిందో గురువుకి తెలియలేదు. కూతురి ముఖంలో అతనికి తెలిసిన అమ్మాయి లేదు.

"నాకు తెలీదు. నేనెప్పుడూ వెనక్కి వెళ్ళి చూడలేదు."

ఆమె అదీ మార్చి చెప్పింది. ఆఫీసరు గురువు పనిచేసే కంపెనీ పేరు, లైసెన్సు నెంబరు రాసుకుని, సంతకం పెట్టమని కాగితం జరిపింది. ఈ వాంగ్మూలం మీ దేశానికీ పంపుతామని చెప్పింది. పంపండన్నాడు. ఇరవై ఐదేళ్ళలో తడుముకోకుండా కొన్ని వేల సంతకాలు పెట్టినవాడికి ఆ ఒక్కటి పెట్టడానికి రెండుసార్లు కలం ఆగింది. మరుపు కళ్ళు మూసుకుని ఉన్నాడు. కనుకొలకుల్లోంచి నీళ్ళు చెవుల మీదికి కారుతుంటే అతని భార్య వచ్చి తుడిచింది.

గుమ్మంలో అలికిడయింది. పళ్ళ సంచి మనిషి నిలబడి ఉన్నాడు. గురువు చెప్పిన ప్రతి మాటా కూతురి నోట అతని భాషలోనే అతనికి వినిపించింది. చొక్కా పట్టుకోవాలని నిన్న అనుకున్న మనిషి ముఖం గురువుకి అద్దంలో తన ముఖంలాగే కనిపించింది. గురువు పక్కకి జరిగి దారిచ్చాడు. ఆ మనిషి లోపలికొచ్చి, సంచి నేల మీద పెట్టి, ఆఫీసరు ముందున్న స్టూలు వైపు చెయ్యి చూపించి ఏదో అడిగాడు. కూతురు లేచి ఆ స్టూలు అతనికిచ్చింది.

*

భార్య ఇంకో రెండు వారాలు ఉండిపోతానంది. సాయంత్రం బస్సుకి తండ్రీ కూతుళ్ళే బయల్దేరారు. వెళ్ళొస్తానని గురువు మంచం దగ్గరికి వెళ్తే, మరుపు అతని చెయ్యి పట్టుకుని, ఏమీ మర్చిపోలేదు కదా, ఒకసారి చూసుకో అన్నాడు. ఎప్పటిలా ఆటపట్టించడానికే అన్నాడు. గురువు మాత్రం నిజంగానే గదంతా ఒకసారి చూసి వచ్చాడు.

పొద్దుట్నుంచీ కూతురు అతనితో అవసరమైన మాటలు తప్ప మాట్లాడలేదు. లిఫ్టు వచ్చి తలుపులు తెరుచుకున్నా ఆగకుండా మెట్ల వైపు నడిచింది. ఆరంతస్తులు తల్లీ, సంచులున్నాయి అన్నాడు గురువు. ఆమె వెనక్కి తిరగలేదు. అతను లిఫ్టుని ఖాళీగా వదిలేసి వెనకాలే దిగాడు.

నాలుగో అంతస్తు మలుపులో ఆగింది.

"మన బిల్డింగు లిఫ్టు కూడా నువ్వే కదా చూసేది?"

"నేనే."

"ఆఖరిసారి ఎప్పుడు చూశావు?"

పోయిన నెలన్నాడు. ఆ రోజు ఎర్ర ముక్క తగిలించాడు. సాయంత్రం భోజనానికి ఎవరో రమ్మంటే త్వరగా దిగాడు. తీశాడు. తీసే ఉంటాడు. ఇంట్లో బీరువాలో పెట్టింది ఆ ముక్కేనా, తర్వాత జేబులో కనబడకపోతే ఎక్కడో పడిపోయిందనుకుని చుట్టలోంచి కోసుకున్న ఇంకో ముక్కా? ఎంత గుర్తు చేసుకున్నా తెలియలేదు. ఆ తెలియకపోవడం అతని ముఖంలో కూతురికి కనిపించింది. తమ బిల్డింగులో మూడో అంతస్తులో పక్కింటి బామ్మ, ఐదో అంతస్తులో స్కూలుకెళ్ళే కవలలు.

ఆమె సంచి మెట్టు మీద పెట్టి ఫోన్ తీసింది. బిల్డింగు వాచ్‌మన్‌కి చేసి, మేం వచ్చేదాకా లిఫ్టు ఆపెయ్యి అంకుల్, ఎవర్నీ ఎక్కనివ్వకు అంది. అవతలివాడు ఏదో అడిగాడు. ఆమె ఫోన్ చేత్తో మూసి, పొద్దున స్టూలు మీద కూర్చున్నప్పటిలాగే నాన్న వైపు తిరిగింది.

"ఎందుకని అడుగుతున్నాడు."

గురువు చెయ్యి చాపాడు. "ఇటివ్వు. నేను చెప్తాను."

చెప్పాడు. దాచకుండా చెప్పాడు. లిఫ్టు గదికి తాళం వేసి తాళంచెవి దగ్గర పెట్టుకోమన్నాడు. ఫోన్ పెట్టేశాక కూతురికి తిరిగివ్వలేదు. అలాగే మెట్టు మీద కూర్చుని, ముందు బ్యాంకు వాళ్ళదా, పిల్లల క్లినిక్కుదా అని ఒక్క క్షణం ఆలోచించి, క్లినిక్కు నెంబరు నొక్కడం మొదలుపెట్టాడు. బస్సుకి టైమవుతోంది. కూతురు తన సంచీ, అతని సంచీ పక్కకి జరిపి, వచ్చేపోయేవాళ్ళకు దారిచ్చి, ఒక మెట్టు కింద కూర్చుంది.